మట్టి అన్న మాట

మా ఇంటి డాక్టరమ్మకు, అంటే సూదిమందు ఇవ్వడం రాని ప్లాస్టిక్ డాక్టరమ్మకు, మీ అత్తయ్య ఆశీర్వదించి రాయడం ఏమంటే, ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. మేమంటే మనుషులం. మొక్కల సంగతి వేరే. అక్కడ నీ ఉద్యోగం ఊళ్ళో నువ్వు కూడా క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఉండకేం, నీ తరఫున మాటలు పడడానికి ఇక్కడ నేనున్నాను కదా.

నీ ఉత్తరం చేరింది. "మీరు నా ఉద్యోగం నిలబెట్టారు అత్తయ్యా, ఈ జన్మకి మీ మేలు మరిచిపోలేను" అని రాశావు. అంతవరకు చదివి కాగితం మడిచి పంచదార డబ్బా కింద పెట్టేశాను. కాసేపటికి మళ్ళీ తీశాను. మళ్ళీ ఒళ్ళు మండింది. మేలట! నేను చేసింది మేలు కాదు, చెప్పింది అబద్ధం. ఇన్నేళ్ళుగా నర్సరీ పెట్టుకుని మొక్కలు పెంచి అమ్ముకుంటున్నదాన్ని, పదిమంది ముందు నిలబడి "నేను మొక్కలకి నీళ్ళు సరిగ్గా పోయలేదు" అన్నాను. నువ్వు అనమన్నావు కాబట్టి అన్నాను. దానికి మేలు అని పేరు పెట్టి తిరిగి నాకే పంపించకు.

ఫోన్ చెయ్యకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, ఫోన్లో నేను రెండు మాటలు అనేసరికి నువ్వు "అత్తయ్యా, ఒక్క నిమిషం, మీటింగు" అంటావు. ఆ నిమిషం మర్నాటికి గాని అవదు. ఉత్తరానికి మీటింగులు లేవు. చివరిదాకా చదవాల్సిందే. నువ్వూ అంతే కదా, ఆ అబద్ధం అడగడానికి ఫోన్లో నోరు రాక ఉత్తరం రాశావు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. నా మోకాలు అలాగే ఉంది. నువ్వు పంపిన పట్టీ వేసుకుంటే నొప్పి తగ్గి దురద మొదలైంది, దురద కంటే నొప్పే నయమని తీసేశాను. వెనక గోడకి సున్నం వేయించాం. నీ గది తాళం మీ ఆయన దగ్గరే ఉంది, వారానికోసారి తుడిపిస్తున్నాను.

"ఆయన నా గురించి ఏమైనా అంటున్నారా?" అని అడిగావు. మీ ఆయన టైలరు, నోట్లో ఎప్పుడూ గుండుసూదులు పెట్టుకుని ఉంటాడు. అనడానికి ఖాళీ ఎక్కడిది? మొన్న మందుల దుకాణం ఆయన చొక్కా కుట్టించుకోవడానికి వచ్చి, మెడ కొలత ఇస్తూ, "మీ అమ్మ ఇలా మొక్కలు ఎండబెట్టి అమ్ముతుందనుకోలేదయ్యా" అన్నాడట. మీవాడు ఒక్క మాట అనలేదు. మెడ కొలత మాత్రం రెండంగుళాలు తగ్గించి రాసుకున్నాడు. చొక్కా తొడుక్కుని బొత్తాం పెట్టుకునేసరికి పెద్దమనిషికి ఊపిరాడలేదు. మీ ఆయన చెయ్యగలిగిన యుద్ధం అంత. అతనికి ఇంకా అసలు సంగతి తెలియదు. నేను చెప్పలేదు. నువ్వూ చెప్పలేదు. వాళ్ళమ్మ నిజంగానే నీళ్ళు పోయలేదనుకుంటూ నా తరఫున కత్తెర పట్టుకుని పోరాడుతున్నాడు, పిచ్చి వెధవ.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "మొక్కలు కోలుకున్నాయా అత్తయ్యా?" ఇది రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందమ్మా?

నీకు తెలిసిన కథే. అయినా నా వైపు నుంచి ఒకసారి విను. నీ వైపు నుంచి నేను చాలాసార్లు విన్నాను.

పెళ్ళైన కొత్తలో, నువ్వు చేసే పనేమిటని అడిగితే, వంటింటి గట్టు మీద కూర్చుని నా పూసల దండ చేతిలోకి తీసుకుని చెప్పావు. "మొక్కజొన్న పిండిలోంచి చక్కెర తీస్తాం అత్తయ్యా. ఆ చక్కెరని సూక్ష్మజీవులకి మేత వేస్తాం. అవి పులియబెడితే ఒక పులుపు వస్తుంది, పెరుగులో ఉంటుందే, అదే. ఆ పులుపు కణాల్ని ఇదిగో, ఈ పూసల్లా ఒకదాని పక్కన ఒకటి గుచ్చేస్తాం. గుచ్చితే ప్లాస్టిక్. నేలలోంచి తోడిన నూనె చుక్క కూడా అక్కర్లేదు. పనైపోయాక వేడీ తడీ కలిసి తగిలితే దారం తెగి పూసలు రాలిపోతాయి. రాలినవాటిని పురుగులు తినేస్తాయి." ఎంత చక్కగా చెప్పావు! ఆ రోజు నుంచే కనపడినవాళ్ళందరికీ మా కోడలు మొక్కజొన్న పొత్తులోంచి ప్లాస్టిక్ తీస్తుందని చెప్పుకు తిరిగాను.

తర్వాత మీ ల్యాబుకి తీసుకెళ్ళావు. ఆ మూల గదిలో ఉక్కు పెట్టె ఒకటి ఉంది. మూత ఎత్తి, "ఇదే మా మట్టి" అన్నావు. నేను అలవాటు కొద్దీ చెయ్యి పెట్టబోతే, "అయ్యో, కాలుతుంది!" అని నా మణికట్టు పట్టుకున్నావు. లోపల మాగుతున్న ఎరువు, ఆకుచెత్త, పొగలు. తెల్లకోటు వేసుకున్న ఒకావిడ వచ్చి, "ఈ ముక్కలు మట్టిలో పెట్టి ఎన్ని వారాలైంది?" అని అడిగితే నువ్వు ఏదో చెప్పావు. మీరంతా ఆ పెట్టెని మట్టి అనే పిలుచుకుంటారు. రోజూ అనే మాట కదా, పొట్టిగా ఉండాలి. "మట్టికి ఇంత జ్వరమేమిటే?" అన్నాను నేను. ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఆ జ్వరం ఉంటేనే నీ పూసలు రాలతాయి. నేలకి అంత జ్వరం ఏ ఎండాకాలంలోనూ రాదు. నేను నవ్వి ఊరుకున్నాను, మీవాళ్ళ మాటలు మీవి అనుకున్నాను. నీకైతే ఆ సంగతి ఎంత బాగా తెలుసంటే, అది పైవాళ్ళకి చెప్పాల్సిన సంగతి అని కూడా తట్టలేదు. ల్యాబులో అనే మాటే రిపోర్టులోనూ రాసేశావు. "మట్టిలో మూడు నెలల్లో పూర్తిగా విడిపోయింది" అని.

మీ చిరునవ్వు బాబు అది చదివాడు. అమ్మకాలు చూసే పెద్దమనిషి పేరు నాకు గుర్తుండదు, ఎవరు ఏడుస్తున్నా అతని పళ్ళే గుర్తుంటాయి. అతను చదివి కుండీల మీద పెద్ద అక్షరాలతో వేయించాడు: "కుండీతో సహా పాతండి. మట్టిలో కలిసిపోతుంది." అతన్ని కూడా నేను ఏమీ అనను. మట్టి అంటే అతనికి తెలిసింది కాళ్ళ కింద ఉండే మట్టే. కానీ అచ్చుకి వెళ్ళేముందు ఆ కాగితం నీ బల్ల మీదికి వచ్చింది. నువ్వు చూశావు. చూసి, ఇది తప్పని నీకు వెంటనే తెలిసింది. నువ్వే చెప్పావు, ఫోన్లో ఏడుస్తూ. "అందరూ సంబరంగా ఉన్నారు అత్తయ్యా, అప్పుడే ఎలా చెప్పను, తర్వాత చెబుదామనుకున్నాను" అన్నావు. నీ తర్వాత వచ్చేలోపల నీ కుండీలు లారీ ఎక్కి నా గుమ్మంలో దిగాయి.

నేనెంత మురిశానో నీకు తెలియదు. నిమ్మ, దానిమ్మ, జామ, అన్నీ నల్ల ప్లాస్టిక్ సంచుల్లోంచి తీసి నీ కుండీల్లోకి మార్చాను. కొనడానికి వచ్చినవాళ్ళెవరూ కుండీ మీద రాసింది చదవలేదమ్మా. నేను చెప్పానని కొన్నారు. "ఇది మా కోడలు చేసింది. వేరు కదిలించకండి, కుండీ చింపకండి, అలాగే గోతిలో దింపెయ్యండి, అదే మట్టైపోతుంది" అని ఒక్కొక్కరికీ నా నోటితో చెప్పాను. ఈ నోటితోనే.

ఏడాది తిరిగేసరికి వెనక వీధి లెక్కల మాస్టారు వచ్చారు. నిమ్మచెట్టు పాతినప్పుడు ఎంత ఉందో అంతే ఉంది, ఆకు పసుపుబారుతోంది, ఒకసారి చూడమన్నారు. వెళ్ళి చుట్టూ తవ్వాను. కుండీ చెక్కు చెదరకుండా ఉంది. లోపల వేర్లు గోడకి తగిలి, తిరిగి, మళ్ళీ తిరిగి, దువ్వెన దిగని జడలా ఉండకట్టుకుపోయాయి. కుళాయి కింద కడిగితే కుండీ కొత్తదానిలా మెరిసింది. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, దాని మీద ఉన్నది పైకి చదివారు. "మట్టిలో కలిసిపోతుంది." చదివి నా వంక చూశారు. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

ఆ రోజు నీకు ఫోన్ చేస్తే నీళ్ళు నమిలావు. తర్వాత వారం ఉత్తరం పంపావు. మీ కంపెనీవాళ్ళు కొన్నవాళ్ళందరినీ మా నర్సరీకి పిలిచి విచారిస్తారని, రిపోర్టులో ఆ మాట రాసింది నువ్వే కాబట్టి నీ మెడకే చుడతారని, మొక్కలు నా దగ్గర ఉన్నప్పుడే ఎండిపోయి కుండీ గట్టిపడిందని నేనంటే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదని రాశావు. ఎవరికీ ఇబ్బంది ఉండదట! చివర్లో, "మీరు నాకు అమ్మలాంటివారు" అని కూడా రాశావు. ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అనలేదు, అనకపోయినా నాకు తెలుసు. అబద్ధం అడగాల్సి వచ్చినప్పుడే పెట్టెలోంచి తీశావు చూడు, అక్కడ కాలింది నాకు.

అందరూ వచ్చారు. పందిరి కింద కుర్చీలు వేశాం. చిరునవ్వు బాబు లేచి నిలబడి, "అమ్మగారూ, మొక్కలు మీ దగ్గర ఉన్న నెల రోజులూ నీళ్ళు క్రమంగానే పోశారా?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపలే పాలాయన పకపకా నవ్వాడు. మనకి పాలు పోసే ఆయనే. గడ్డి వేసుకునే నేలలో సగం దున్ని, నా దగ్గర వంద నిమ్మ మొక్కలు కొని వేసుకున్నాడు. "అదేం ప్రశ్న బాబూ! ఆవిడ తను తాగడమైనా మర్చిపోద్ది గానీ మొక్కకి పొయ్యడం మర్చిపోద్దా?" అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వులో నేను చెప్పాను. "లేదు. ఆ నెల సరిగ్గా పోయలేదు. ఎండబెట్టాను."

పాలాయన నోరు నవ్వుతూ ఉండగానే ఆగిపోయింది. మాస్టారు తల దించుకుని చెప్పులకేసి చూసుకున్నారు. చిరునవ్వు బాబు మాత్రం, "నిజం ఒప్పుకోవడం గొప్ప గుణం అమ్మగారూ" అని అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. చేతిలో నీళ్ళ బిందె ఉండుంటే వాడి నెత్తిన బోర్లించి ఉండేదాన్ని. తర్వాత అందరికీ ఉపాయం కూడా చెప్పాడు. "ఇప్పటికీ మించిపోయింది లేదు. రోజూ రెండు పూటలా బాగా నీళ్ళు పెట్టండి. కుండీ మెత్తబడి దానంతటదే కలిసిపోతుంది."

అది విని కూడా నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. నీ కోసం.

అప్పటి నుంచి నా బతుకు ఎలా ఉందో చెప్తాను విను. మొన్న ఒకావిడ గులాబీ మొక్క కొనడానికి వచ్చి, నేను చూస్తుండగానే సంచిలో వేలు దింపింది. తడి ఉందా లేదా అని! నా నర్సరీలో, నా కళ్ళ ముందు! వేలు చీరకి తుడుచుకుని, "ఇది వద్దులెండి" అంటూ పోయింది. తడిగానే ఉంది, అయినా పోయింది. ఇంకొకరు ఎవరో గేటు దగ్గర నిలబడి పక్కవాళ్ళతో, "పాపం, పెద్దదైపోయింది, చేతకావడం లేదు" అన్నారు. చేతకావడం లేదట. నాకా!

ఇవన్నీ పడతాను, పోనీ అనుకున్నాను. కానీ పదిహేను రోజుల కిందట పాలాయన గేటు దగ్గరికి వచ్చాడు. లోపలికి రాలేదు. డబ్బా కింద పెట్టి, "ఇంకా ఎంత పొయ్యాలమ్మా?" అని అడిగాడు.

"దేనికయ్యా?"

"నిమ్మలకి. రెండు పూటలా పోస్తన్నాం. మా ఆవిడ గేదెల తొట్టి కూడా పక్కన పెట్టి ముందు వాటికే పోస్తంది. ఆకు రాలిపోతంది. మేం ఎక్కడ పొరపాటు చేస్తన్నామో చెప్పండి."

చెప్పులు వేసుకుని అతనితో నడిచాను. నేలంతా చిత్తడి. ఒక మొక్క పట్టుకుంటే ఊగింది. లాగితే వచ్చేసింది. నీ కుండీ అడుగున నాలుగు చిన్న కన్నాలు తప్ప నీళ్ళు పోయే దారి లేదు, వేర్లు ఆ కన్నాలు కూడా మూసేశాయి. పోసిన నీళ్ళన్నీ లోపలే నిలిచి వేరు కుళ్ళిపోయింది. వాసన. వాళ్ళావిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఎక్కువైందంటావా పెద్దమ్మా, తక్కువైందంటావా?" అని నన్ను అడుగుతోంది. తప్పు తనదేనేమో అని భయపడుతూ అడుగుతోంది.

నోట్లో మట్టి కొట్టడం అంటారు చూడు, అదే చేశాం ఆ ఇంటికి, నువ్వూ నేనూ కలిసి. అది ఏ మట్టో, మీ ల్యాబు మట్టో మా మట్టో, నువ్వే తేల్చుకో.

ఇప్పుడు నీకు చెప్పకుండా చేసిన పని చెప్తాను. ఇంతవరకు తిట్టింది దీనికి ముందు ధైర్యం తెచ్చుకోవడానికే అనుకో.

అక్కడే గట్టు మీద కూర్చుని వాళ్ళిద్దరికీ మొత్తం చెప్పేశాను. ఉక్కు పెట్టె సంగతి, మట్టి అన్న మాట సంగతి, నీ బల్ల మీదికి వచ్చిన కాగితం సంగతి, నువ్వు నన్ను అడిగిన సంగతి. నీ పేరు దాచలేదు. నాది కూడా దాచలేదు. పాలాయన గడ్డిపరక తుంపుతూ కూర్చున్నాడు. తర్వాత, "అయితే ఆ నెల నీళ్ళు పోశారన్నమాట" అన్నాడు.

"పోశాను" అన్నాను.

"అనుకున్నా" అని లేచి, ఇంట్లోకి వెళ్ళి కొడవలి పట్టుకొచ్చాడు.

ముగ్గురం కలిసి అన్నిటి కుండీలూ కోసి తీశాం. చుట్టుకుపోయిన వేర్లు కత్తిరించి, మంచి నేలలో మళ్ళీ పాతాం. నా మోకాలు అప్పటి నుంచే ఇంకా పట్టేసింది, పైన అలాగే ఉందని రాసింది అబద్ధం. సగానికి పైగా బతుకుతాయేమో. మిగతావి పోయాయి. వాటి బదులు నేను ఇస్తానంటే అతను తీసుకోనన్నాడు. "ముందు మీ కోడల్ని వచ్చి చూడమనండి" అన్నాడు. అంతకు మించి ఒక్క మాట తూలలేదు.

ఇంకొకటి ఉంది, నాకు దీనికే అన్నిటికంటే ఎక్కువ మండుతోంది. మాస్టారి ఇంట్లో తీసిన కుండీని ఆ రోజు కోపంతో మా షెడ్డు వెనక పెంటకుప్పలో విసిరికొట్టాను. ఆకులూ పేడా వేసి మగ్గబెడతామే, ఆ కుప్ప. మొన్న ఎరువు కోసం కుప్ప తిరగేస్తుంటే లోపల ఆవిరి గుప్పుమంది, చెయ్యి కాలింది. అప్పుడు గుర్తొచ్చి వెతికాను. రెండు మూడు పెంకులు దొరికాయి. వేళ్ళ మధ్య నలిపితే పిండైపోయాయి. మిగతాదంతా ఎరువులో కలిసిపోయింది, ఎక్కడ ఉందో కూడా తెలియలేదు.

నీ కుండీ మంచిదేనమ్మా! నువ్వు వంటింటి గట్టు మీద కూర్చుని చెప్పినట్టే దారం తెగింది, పూసలు రాలాయి. ఇన్నేళ్ళు నువ్వు రాత్రనక పగలనక చేసిన పని నిజమైన పని. "కుండీ కోసి తీసి మొక్క పాతండి, కుండీని వేడి ఎరువుకుప్పలో పడెయ్యండి" అని వేయించి ఉంటే నీ సొమ్మేం పోయేది? ప్రతి నర్సరీలోనూ కుప్ప ఉంటుంది. కొన్నవాళ్ళు కోసి తెచ్చి ఇచ్చేవాళ్ళు, నేను కుప్పలో వేసేదాన్ని. నల్ల సంచుల పీడ వదిలేది. అంత మంచి పనిని తీసుకెళ్ళి ఒక తప్పుడు మాట కింద పాతిపెట్టారు, నువ్వూ మీ చిరునవ్వు బాబూ. చెడ్డ వస్తువైతే ఇంత కోపం రాదు నాకు. పారేసి ఊరుకునేదాన్ని.

ఇప్పుడు నీ ఉత్తరంలో ఆఖరి పేరా. సోమవారం మీవాళ్ళు కెమెరా తెస్తున్నారని, వానలకి ముందు ఇంకా చాలా నర్సరీలకి కుండీలు ఇవ్వబోతున్నారని, వాళ్ళందరినీ మా పందిరి కిందికే తెస్తున్నారని రాశావు. "నేను నీళ్ళు తప్పించి నష్టపోయాను, మీరు తప్పించకండి అని మీరు నాలుగు మాటలు చెబితే చాలు అత్తయ్యా, నాకు ప్రమోషన్ కూడా రావచ్చు" అని రాశావు. చదివి నాకు నవ్వొచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది. నా మొహం పెట్టుకుని ఇంకో ఇరవై నర్సరీల వాళ్ళ చేత ఇంకో రెండు వందలమంది పాలవాళ్ళకి ఈ కుండీ అంటగడతారా?

చిరునవ్వు బాబు కూడా ఫోన్ చేశాడు. నేను సరే అన్నాను. "తప్పకుండా రండి బాబూ, ఎంతమందిని తెస్తే అంత మంచిది" అన్నాను. అతను మురిసిపోయాడు. పాలాయనకీ, మాస్టారికీ, కొన్నవాళ్ళందరికీ నేను కూడా కబురు పెట్టాను. సోమవారం ఆ కెమెరా ముందు నేను నీళ్ళు పోశానని చెప్తాను. కుండీ ఎలా కోయాలో కోసి చూపిస్తాను. మట్టి అంటే మీ ల్యాబులో ఏమిటో, బయట ఏమిటో చెప్తాను.

నీ ఉద్యోగం పోవచ్చు. నాకు తెలియక కాదు. ఆ పని నీకెంత ప్రాణమో తెలుసు, నిద్రలో కూడా డిగ్రీలు కలవరించే పిల్లవి. ఆ రోజు పందిరి కింద నా నోట అబద్ధం వచ్చింది అందుకే. నీ మీద ప్రేమతో వచ్చింది. ప్రేమ పేరు చెప్పి నా చేత ఇంత చెత్త పని చేయించావే అని రోజూ పళ్ళు నూరుకుంటున్నాను. మీ ఆయనకి ఈ రాత్రి అన్నీ చెప్తాను. గుండుసూదులు ముందు నోట్లోంచి తీయించి చెప్తాను.

ఈ ఉత్తరం శుక్రవారానికి నీకు అందుతుంది. మధ్యలో రెండు రోజులు ఉన్నాయి. వస్తే నా పక్కన నిలబడి నీ నోటితో నువ్వే చెప్పు. నువ్వు చెబితే పొరపాటు దిద్దుకున్న మనిషివి అవుతావు. నేను చెబితే పట్టుబడిన మనిషివి అవుతావు. మాటలు అవే, తేడా అంతే. పాలాయన ముందు వరసలో కూర్చుంటాడు. నిన్ను చూసి ఏమంటాడో తెలియదు. ఏమన్నా నేను అడ్డుపడను, పడాల్సింది పడు. తర్వాత ఉద్యోగం పోతే పోయింది, ఇంట్లో తిండికి లోటు లేదు, వెనక కుప్ప ఉంది, నీ పెట్టె కంటే పదింతలు పెద్దది, నీ ఇష్టం వచ్చినన్ని ముక్కలు పాతుకుని చూసుకో.

రాకపోయినా సోమవారం ఆగదు. నీ కోసం ఒకసారి అబద్ధం చెప్పాను, ఈసారి నీ బదులు నిజం చెప్తాను. కానీ ఆ తర్వాత అత్తయ్యా అని నన్ను పిలవడానికి నీకు మొహం చెల్లదు. ఆ పిలుపు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

రా.

ఇట్లు,
కోపం ఇసుమంతైనా తగ్గని
మీ అత్తయ్య